ముందు గురి.. తర్వాతే పిస్టల్!

*ప్యారిస్ పతకాల తర్వాత పిల్లల్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తున్న అమ్మానాన్నలు పెరిగారు. ఎయిర్ పిస్టల్‌తో నాలుగు మంచి స్కోర్లు పడగానే వాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే.. 'పాయింట్ 22 పిస్టల్ కొనేద్దామా?' లక్షల ఖర్చు, లైసెన్సు తిప్పలు, ఇంట్లో నిజమైన ఆయుధం ఓ పక్క. సొంత పిస్టల్‌తో కుదిరే గురి మరో పక్క. ఎటు మొగ్గాలి?*

2024 ఆగస్టు 3. ఫ్రాన్స్‌లోని షాటోరూ షూటింగ్ కేంద్రం. ఒలింపిక్స్ మహిళల 25 మీటర్ల పిస్టల్ ఫైనల్ నడుస్తోంది. ఎనిమిది సిరీస్‌లు ముగిసేసరికి మన మను భాకర్, హంగేరీ షూటర్ వెరోనికా మేజర్ ఇద్దరూ 28 పాయింట్ల దగ్గరే ఉన్నారు. గెలిచినవాళ్లకు పతకం ఖాయం. ఓడినవాళ్లు ఇంటిదారి పట్టాల్సిందే.

షూటాఫ్ మొదలైంది. పిస్టల్ పట్టిన చేయి కిందికి వాలి ఉంది. పచ్చ దీపం వెలిగింది. ఉన్నది మూడంటే మూడు సెకన్లు. ఆలోగా చేయి లేవాలి, ముందు సైటూ వెనక సైటూ ఒక వరుసలోకి రావాలి, మణికట్టు కదలకుండా వేలు ట్రిగ్గర్‌ని లాగాలి. తూటా వెళ్లగానే చేయి మళ్లీ కిందికి. ఏడు సెకన్ల విరామం. మళ్లీ పచ్చ దీపం. ఇలా ఐదుసార్లు. మేజర్‌కు నాలుగు తగిలాయి, మనుకు మూడు. ఒకే ఒలింపిక్స్‌లో మూడో పతకం ఒక్క తూటా తేడాతో చేజారింది.

అంతకుముందు వారంలో మను గెలిచిన రెండు కాంస్యాలూ ఎయిర్ పిస్టల్‌తో వచ్చినవి. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును వదిలే ఆ ఆయుధానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. మూడో ఫైనల్లో ఆమె చేతిలో ఉన్నది మాత్రం మందుగుండుతో పేలే పాయింట్ 22 రిమ్‌ఫైర్ పిస్టల్. మొదటిదాన్నుంచి రెండోదానికి వెళ్లడమంటే క్రీడలో ఒక మెట్టు ఎక్కడమే. ఇంటికి సంబంధించినంతవరకు మాత్రం అది ఆయుధాల చట్టం పరిధిలోకి అడుగుపెట్టడం. ఈ తేడా తెలియకుండానే చాలామంది తల్లిదండ్రులు చెక్కుబుక్కు తీస్తున్నారు.

మనవాళ్లకూ అచ్చొచ్చిన ఆట

పాయింట్ 22 పిస్టల్‌తో భారత్‌కు తొలి ఒలింపిక్ పతకం తెచ్చినవాడు సైనికుడు విజయ్ కుమార్. 2012 లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో రజతం గెలిచాడు. పక్కపక్కనే ఉన్న ఐదు లక్ష్యాలను నాలుగే నాలుగు సెకన్లలో కొట్టే పోటీ అది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఇదే అంశంలో స్వర్ణం గెలిచేనాటికి అనీశ్ భన్వాలా వయసు 15 ఏళ్లు.

తెలుగు నేల కూడా వెనకబడి లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. అదీ మను భాకర్, హీనా సిద్ధూ లాంటి వాళ్లను దాటుకుని. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, అదే అంశంలో వ్యక్తిగత రజతం సాధించింది. ప్యారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆమె ఆడింది ఇదే పోటీ. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో పెరూ రాజధాని లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 25 మీటర్ల పిస్టల్ స్వర్ణం గెలిచాడు.

పేపర్లో ఇలాంటి విజేతల ఫొటో చూసిన మర్నాడే అకాడమీలకు ఫోన్లు మొదలవుతాయి. నేర్పే అకాడమీలు కూడా పెరగడంతో ఎయిర్ పిస్టల్ వరకు దారి సులువైంది. ఆరు నెలలు గడిచేసరికి కోచ్ దగ్గర అమ్మానాన్నల మాటల ధోరణి మారుతుంది.

''సార్, మా పాప తోటివాళ్లందరూ పాయింట్ 22 అంటున్నారు. ఇప్పుడే కొనిపెట్టమంటారా?''

''కొనమని నేను చెప్పడం కాదమ్మా, స్కోరు చెప్పాలి.''

ఏ రేంజ్‌కి వెళ్లినా ఇంచుమించు ఇదే సంభాషణ. కోచ్ చెప్పిన ఆ ముక్కకు అర్థం తెలియాలంటే అసలు ఈ పిస్టల్ ఏమిటో, ఇంటికి తెస్తే వెంట ఏమేం వస్తాయో చూడాలి.

అంచులోనే అసలు మందు

మామూలు తూటాను అడుగువైపు నుంచి చూస్తే నడిమధ్యన చిన్న బిళ్ల కనిపిస్తుంది. పిస్టల్‌లోని పిన్ను దాన్ని కొడితే నిప్పు రాజుకుంటుంది. పాయింట్ 22 తూటాకు ఆ బిళ్ల ఉండదు. పల్చటి ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ మడిచిన అంచు ఉంటుంది. నిప్పు పుట్టించే రసాయనం ఆ మడతలోనే దాగి ఉంటుంది. పిన్ను అంచు మీద ఒక్క దెబ్బ కొడితే చాలు. 'రిమ్‌ఫైర్' అనేది అందుకే. ఈనాటికీ పోటీల్లో వాడే పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో పుట్టింది. సీసపు గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ.

ఈ చిన్న తూటాతో క్రీడాకారులకు పెద్ద మేలే ఉంది. పేలినప్పుడు చేతిని వెనక్కి తన్నడం చాలా తక్కువ. అందుకే నాలుగు సెకన్లలో ఐదు తూటాలు పేల్చినా పిస్టల్ మళ్లీ మళ్లీ లక్ష్యం మీదికే వచ్చి కూర్చుంటుంది. కొత్తవాళ్లు పేలుడుకు ముందే జంకి కళ్లు మూసుకోవడం, మణికట్టు బిగపట్టడం లాంటి జబ్బులు తొందరగా అంటుకోవు. పెద్ద తూటాలతో పోలిస్తే ధరా తక్కువే.

చిక్కులూ అక్కడి నుంచే వస్తాయి. అంచు చుట్టూ రసాయనం సమంగా పరుచుకోకపోతే పిన్ను కొట్టినా తూటా పేలదు. పది మంది ముందు మూడు సెకన్ల సిరీస్‌లో ఆ 'టక్' శబ్దం విన్న షూటర్‌కి గుండె జారుతుంది. మెత్తటి సీసం, దాని మీద పూసిన మైనం మ్యాగజైన్‌లోనూ చాంబర్‌లోనూ పేరుకుని తూటాలు ఇరుక్కునేలా చేస్తాయి. శుభ్రం చేయడానికి బద్ధకించేవాళ్లకు ఈ పిస్టల్ పనికిరాదు.

> ■ కొలతల చట్రంలో పిస్టల్
> • కాలిబర్: 5.6 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 22.
> • బరువు: 1,400 గ్రాములకు మించకూడదు. పట్టుకునేది ఒక్క చేత్తోనే.
> • బ్యారెల్: 153 మిల్లీమీటర్ల లోపు.
> • పిస్టల్ మొత్తం 300×150×50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి.
> • ట్రిగ్గర్: కనీసం 1,000 గ్రాముల బరువును ఆపాలి. ఎయిర్ పిస్టల్‌కైతే 500 గ్రాములు చాలు.
> • మహిళల 25 మీటర్ల పోటీ: 60 తూటాలు. మొదటి 30 నిదానంగా, ఐదేసి తూటాలకు ఐదు నిమిషాల చొప్పున. తర్వాతి 30 ఒక్కో తూటాకు మూడు సెకన్లు.
> • నిదానంగా కాల్చే లక్ష్యంలో పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. వేగంగా కాల్చేదానిలో 100.

సొంతదైతే ఏంటి లాభం?

రేంజ్‌లో అందరికీ కలిపి ఉండే పిస్టల్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చెక్క పిడి ఎంతోమంది అరచేతుల చెమటకు నల్లబడి ఉంటుంది. పొద్దున పట్టుకున్న ఆరడుగుల కుర్రాడు తన చేతికి సరిపోయేలా కింద ఉన్న చెక్క పలకను జరుపుకుంటాడు. మధ్యాహ్నం పద్నాలుగేళ్ల అమ్మాయి వచ్చి దాన్ని పైకి బిగించుకుంటుంది. సాయంత్రం ఇంకొకరు సైట్లు తిప్పుతారు. మర్నాడు ఆ అమ్మాయి మొదటి పది తూటాలు నిన్నటి అమరిక వెతుక్కోవడానికే పోతాయి.

సొంత పిస్టల్ ఉన్న షూటర్ పిడిని ఏం చేస్తాడో చూస్తే లాభమేంటో అర్థమవుతుంది. ముందు అరచేయి కొలిచి తగిన సైజు వాల్‌నట్ పిడి ఎంచుకుంటాడు. అయినా బొటనవేలి మొదట్లో ఒకచోట ఖాళీ మిగులుతుంది. అక్కడ చెక్క పుట్టీ పూసి, తడి ఆరకముందే పిడిని గట్టిగా పట్టుకుంటాడు. అరచేతి గీతలతో సహా అచ్చు పడుతుంది. చూపుడువేలి కణుపు ఒరుసుకునే చోట ఆకురాయితో ఒక్కో పొరా తీస్తాడు. వారం కాల్చి చూసి మళ్లీ రుద్దుతాడు. ఇలా నెలల తరబడి చెక్కగా చెక్కగా, కళ్లు మూసుకుని చేయి ఎత్తినా సైట్లు వాటంతటవే వరుసలో నిలిచే పిడి తయారవుతుంది. అప్పు తెచ్చుకున్న పిస్టల్‌తో ఇది జరిగే పని కాదు.

ట్రిగ్గర్ సంగతీ అంతే. పోటీకి ముందు తనిఖీ అధికారి పిస్టల్‌ని నిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కు కిలో బరువు తగిలించి పైకి లేపుతాడు. బరువు లేచిందా సరే. 'టక్'మని ట్రిగ్గర్ విడిపోయిందా, సరిచేసుకుని రావాల్సిందే. ఆ కిలోకి కాస్త పైన, తన వేలికి నచ్చిన చోట ట్రిగ్గర్‌ని అమర్చుకుని ఏడాది పొడవునా దాన్ని కదపకుండా ఉంచుకోవడం సొంతదారుకే సాధ్యం.

ఒక్క పిస్టల్ నాలుగు పనులు చేయడం మరో లాభం. మహిళల స్పోర్ట్ పిస్టల్‌కీ, పురుషుల ర్యాపిడ్ ఫైర్‌కీ, స్టాండర్డ్ పిస్టల్‌కీ అదే పనికొస్తుంది. కొన్ని మోడళ్లలో పై భాగం మార్చి పాయింట్ 32 సెంటర్ ఫైర్ పోటీకీ వాడుకోవచ్చు. సరిగ్గా చూసుకుంటే ఆయుష్షూ ఎక్కువే. జర్మనీ సంస్థ వాల్తర్ 1968లో తెచ్చిన జీఎస్పీ రకం పిస్టళ్లు దశాబ్దాల తర్వాత కూడా రేంజ్‌ల్లో పేలుతూనే ఉన్నాయి.

ధర ఒక్కటే ఖర్చు కాదు

ఒలింపిక్ స్థాయి రిమ్‌ఫైర్ పిస్టల్ అంటే దాదాపుగా యూరప్ సరుకే. ఇటలీ పార్దిని, స్విట్జర్లాండ్ మోరిని, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ.. ఈ నాలుగు పేర్లూ రేంజ్‌లో ఎక్కువగా వినిపిస్తాయి. వీటిలో పార్దిని సంస్థను పెట్టిన జాంపియెరో పార్దిని స్వయంగా అంతర్జాతీయ షూటర్. కొత్తది కొనాలంటే అక్కడే మన లెక్కలో రెండు లక్షల రూపాయల ప్రాంతంలో ఉంటుంది. రవాణా, పన్నులు దానికి అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. జాతీయ స్థాయిలో అర్హత స్కోరు సాధించిన 'రినౌన్డ్ షాట్' క్రీడాకారులకు దిగుమతిలో వెసులుబాట్లున్నాయి. ఆ గుర్తింపు రాని పిల్లల తల్లిదండ్రులకు డీలర్ దగ్గర దొరికిందే గతి.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. పోటీకి 60 తూటాలు. సాధన కూడా అంతే అనుకుంటే, వారానికి మూడు రోజులు కాల్చినా 180. సెలవులూ పరీక్షలూ తీసేసి 48 వారాలు లెక్కేసుకున్నా ఏడాదికి 8,640 తూటాలు. మ్యాచ్ రకం తూటాలూ దిగుమతివే. ఇంగ్లండ్ ఎలీ, జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ లాంటివి. ఒక్కో పిస్టల్‌కి ఒక్కో రకం తూటా నప్పుతుంది కాబట్టి చౌకైనదేదో కొనేస్తే సరిపోదు. పైగా ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొనే ముందు తూటా ధరను 8,640తో గుణించి చూసుకున్న ఇళ్లు తక్కువ. అందుకే పిస్టల్ కొని, తూటాలకు డబ్బుల్లేక బీరువాలో దాచుకున్న ఇళ్లున్నాయి.

రేంజ్ సంగతి ఇంకా కీలకం. ఎయిర్ పిస్టల్‌కి పది మీటర్ల హాలుంటే చాలు. ఈషా సింగ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇంటి దగ్గరే రేంజ్ కట్టించి సాధన చేయించారు. పాయింట్ 22కి అలాంటి వీలు లేదు. 25 మీటర్ల దూరం, తూటాలను ఆపే గోడలు, అనుమతులు ఉన్న రేంజ్ కావాలి. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల నాటి గచ్చిబౌలి రేంజ్ ఉంది కానీ రెండు రాష్ట్రాల్లో చాలా జిల్లాల పిల్లలకు దగ్గర్లో 25 మీటర్ల రేంజే లేదు. ఇంటి నుంచి మూడు గంటల దూరంలో రేంజ్ ఉన్నవాళ్లకు సొంత పిస్టల్ ఉన్నా వారానికి ఒక్కరోజే అది పేలుతుంది.

పాడైతే? స్ప్రింగు, పిన్ను, ఎక్స్‌ట్రాక్టర్ లాంటివి యూరప్ నుంచే రావాలి. బాగుచేసే నిపుణులు దేశంలోనే కొద్దిమంది. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను ఎయిర్ పిస్టల్ మొరాయించి దాదాపు 20 నిమిషాలు వృథా అయ్యాయి. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయింది. ప్రపంచ స్థాయి సిబ్బంది వెంట ఉన్నవాళ్లకే ఆ గతి పట్టినప్పుడు, ఒంటరిగా పోటీకి వెళ్లే జిల్లా స్థాయి పిల్లల సంగతి చెప్పేదేముంది!

లైసెన్సు: ఓపికకు పరీక్ష

ఎయిర్ పిస్టల్ నుంచి పాయింట్ 22కి మారిన రోజునే 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు మన జీవితంలోకి వస్తాయి. నగర కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీస్ కమిషనర్‌కి, జిల్లాల్లో అయితే కలెక్టర్‌కి దరఖాస్తు చేసుకోవాలి. పోలీసు విచారణ జరుగుతుంది. ఆయుధాన్ని సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం చూపాలి. ఇంట్లో భద్రంగా దాస్తామని హామీ రాసివ్వాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

21 ఏళ్లు నిండనివాళ్లకు మామూలు లైసెన్సు ఇవ్వరు. జూనియర్ షూటర్లకు మాత్రం 12 ఏళ్లు దాటాక పెద్దల పర్యవేక్షణలో సాధన చేసుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్‌లో సభ్యులైతే, సొంత లైసెన్సు లేకపోయినా క్లబ్ పిస్టల్‌తో క్లబ్ రేంజ్‌లోనే సాధన చేయవచ్చు. అంటే కొనకుండానే ఏడాదో రెండేళ్లో ఆట నేర్చుకునే దారి చట్టమే చూపిస్తోంది.

దరఖాస్తులో ఒక్క గడి తప్పు పడినా తిప్పలే. మను భాకర్ జూనియర్‌గా ఉన్న రోజుల్లో పిస్టల్ లైసెన్సు కోసం రెండున్నర నెలలు తిరిగానని ఆమె తండ్రి చెప్పిన మాట అప్పట్లో పత్రికల్లో వచ్చింది. కారణం అన్నచోట క్రీడకు బదులు ఆత్మరక్షణ అని పడటమే చిక్కుకు మూలమట. తర్వాతి రోజుల్లో ప్రపంచ కప్ పతకాలు తెచ్చిన అమ్మాయి ఇంటికే అన్ని ప్రదక్షిణలు తప్పలేదు.

మరి అధికారులకు అంత అనుమానం ఎందుకు? కారణం ఉంది. 2017లో మీరట్‌లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారుల దాడిలో ఒక జాతీయ స్థాయి షూటర్ ఇంట్లో పెద్ద సంఖ్యలో ఆయుధాలు, వేల కొద్దీ తూటాలు దొరికాయి. క్రీడాకారులకిచ్చే సడలింపుల చాటున ఆయుధాలు దారి మళ్లుతున్నాయన్న అనుమానం అప్పటి నుంచీ బలపడింది. నిజమైన షూటర్లకు కేంద్రం చేయూతనిస్తూనే ఉంది. అంతర్జాతీయ పతక విజేతలు, రినౌన్డ్ షాట్లు క్రీడల కోటాలో ఉంచుకోగల ఆయుధాల పరిమితిని 2020లో 7 నుంచి 12కి పెంచింది. చిక్కల్లా కింది మెట్టు మీదున్న కొత్త షూటర్‌కే. వాళ్లకు తలుపు సగమే తెరుచుకుంటుంది.

ఎన్నికలొస్తే లైసెన్సున్న ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలన్న ఉత్తర్వులు వస్తాయి. జాతీయ రైఫిల్ సంఘంలో సభ్యులై పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు మినహాయింపు ఉంది కానీ సభ్యత్వ పత్రం, పోటీ వివరాలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లి చెప్పుకోవాల్సింది మనమే. ఆట మానేశాక అమ్ముదామన్నా బైకు అమ్మినంత తేలిక కాదు. కొనేవాళ్లకూ లైసెన్సు ఉండాలి, అధికారులకు ముందే తెలియజేయాలి, దిగుమతి సడలింపుతో వచ్చినదైతే మరిన్ని ఆంక్షలు.

> ■ సరిహద్దు దాటితే..
> అమెరికా: నాణ్యమైన పాయింట్ 22 పిస్టల్ కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది. అయితే హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు ఆయుధం, తూటాలు కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే దిక్కు. స్నేహితుడు కొన్నాడు కదా అని తెలుగు కుర్రాళ్లు తొందరపడితే వీసాకే ఎసరు. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థి ఒకరు 2024లో తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయాడు.
> బ్రిటన్: 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో పిల్లల మీద జరిగిన కాల్పుల తర్వాత చేతి తుపాకులను నిషేధించారు. 1997లో పాయింట్ 22 పిస్టళ్లనూ అందులో చేర్చారు. లండన్ ఒలింపిక్స్‌లో పిస్టల్ పోటీలకు ప్రత్యేక అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది.

ఇంట్లోకి వచ్చేది ఆటవస్తువు కాదు

లైసెన్సు చేతికి రాగానే కొందరు పెద్దవాళ్లు ఇంకో ఆలోచన చేస్తారు. 'పాప ఆటకీ పనికొస్తుంది, దొంగల భయమూ ఉండదు' అని. రెండూ కుదరవు. టార్గెట్ పిస్టల్ పిడి అరచేతిని మొత్తం చుట్టేసేలా ఉంటుంది. జేబులో పట్టదు, తొందరలో చేతికి అందదు. క్రీడ కోసం తీసుకున్న లైసెన్సును వేరే పనికి వాడుకోవడమూ చిక్కే. ఆత్మరక్షణ మనసులో ఉన్నవాళ్లు ఈ పిస్టల్ జోలికి రాకపోవడమే మంచిది.

ఇంట్లో భద్రత అంటే తాళం వేసిన బీరువా ఒక్కటే కాదు. పిస్టల్ ఒకచోట, తూటాలు వేరే చోట, తాళం చెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. రేంజ్‌లో బ్యారెల్‌ గుండా దూర్చే నారింజ రంగు తాడు చూసే ఉంటారు. చాంబర్ ఖాళీ అని పదడుగుల దూరం నుంచే తెలియాలని ఆ ఏర్పాటు. ఇంట్లోనూ అది తీయకూడదు. తూటా లేకుండా గోడ వైపు గురిపెట్టే డ్రై ప్రాక్టీస్ ఈ ఆటలో రోజువారీ పాఠం. దానికీ పద్ధతుంది. మ్యాగజైన్ తీసి, చాంబర్ కళ్లతో చూసి, తూటాల డబ్బా ఉన్న గది తలుపు వేశాకే మొదలుపెట్టాలి. అన్ని పిస్టళ్లూ ఇందుకు పనికిరావు కూడా. కొన్నిటిలో పిన్ను నేరుగా చాంబర్ అంచుకు తగిలి గుంట పడుతుంది. డ్రై ఫైరింగ్ ఏర్పాటు ఉన్న మోడలో కాదో కొనేటప్పుడే అడగాలి.

ఇంకో మాట సూటిగా చెప్పుకోవాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన నిస్పృహలోనో, మద్యం వ్యసనంలోనో ఉంటే ఆ ఇంటికి ఆయుధం రాకూడదు. పదో తరగతి, ఇంటర్ ఒత్తిళ్లు పిల్లల మీద ఎలా ఉంటాయో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లో పిస్టల్‌ని క్లబ్ ఆయుధాగారంలోనే ఉంచే వీలుందేమో కనుక్కోవాలి.

ఒంటికి సంబంధించిన జాగ్రత్తలూ ఉన్నాయి. పాయింట్ 22 చిన్నదే అయినా దాని శబ్దం 140 డెసిబెల్‌లు దాటుతుంది. చెవులకు మఫ్స్ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. సీసం పొడి చేతులకీ బట్టలకీ అంటుతుంది. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ ముట్టుకోకూడదు. గాలి ఆడని ఇండోర్ రేంజ్‌లో పిల్లలు గంటలకొద్దీ ఉండటం మంచిది కాదు.

సొంతానికి స్థలం అమ్మినా..

హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినప్పుడు, కొడుకు రైఫిల్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్న కథ దేశమంతా చెప్పుకుంది. విన్నప్పుడు కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ కథలో మనం మరిచిపోయేది ఒకటుంది. పతకం రాని ఇళ్ల గురించి ఎవరూ రాయరు. రాష్ట్ర స్థాయి పోటీలు, జాతీయ పోటీలకు ముందుండే మావ్‌లంకర్ పోటీలు, జాతీయ చాంపియన్‌షిప్, ఆపైన ట్రయల్స్.. ఇన్ని మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా వందల మంది ఆగిపోతారు. ఆగిపోవడం తప్పు కాదు. ఆగిపోయినప్పుడు ఇంటి మీద అప్పు మిగలకూడదు.

పిల్లల వైపు నుంచి కూడా చూడాలి. 'నీ కోసం ఇంత పెట్టాం' అన్న మాట చెవిన పడ్డాక పదిహేనేళ్ల పిల్ల చేయి ఎత్తితే సైట్లతో పాటు ఆ మాటా ఊగుతుంది. ఈ ఆటలో ప్రత్యర్థి ఎదురుగా ఉండదు, మన గుండె చప్పుడే ప్రత్యర్థి. ఇంటి ఒత్తిడి దానికి తోడైతే ఎంత ఖరీదైన ట్రిగ్గరైనా నిలబడదు. పైగా ఎదిగే వయసులో చేయి సైజు మారుతుంది. 13 ఏళ్లకు చెక్కించిన పిడి 16 ఏళ్లకు బిగుతవుతుంది.

> ■ కొనేముందు ఆరు ప్రశ్నలు
> 1. ఎయిర్ పిస్టల్‌లో స్కోరు నిలకడగా ఉందా? ఒక్క మంచి రోజు కాదు, వరసగా కొన్ని పోటీల్లో?
> 2. రేంజ్ పిస్టల్‌తో కనీసం ఒక సీజన్ కాల్చి చూశారా?
> 3. 25 మీటర్ల రేంజ్ ఇంటి నుంచి ఎంత దూరం? వారానికి ఎన్నిసార్లు వెళ్లగలరు?
> 4. పిస్టల్ ధరతో పాటు రెండేళ్ల తూటాల డబ్బు పక్కన పెట్టగలరా?
> 5. మీరు కొనబోయే మోడల్‌కి విడిభాగాలు, బాగుచేసేవాళ్లు దొరుకుతారా?
> 6. ఇంట్లో తాళం, బీరువా, బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు ఉన్నారా?

పాతదైతే..

ఆట మానేసిన షూటర్ దగ్గర వాడిన పిస్టల్ తీసుకోవడం కొందరికి మంచి దారి. ధర తగ్గుతుంది, అప్పటికే దాని గుణగణాలు కోచ్‌లకు తెలిసి ఉంటాయి. అయితే కాగితాలు ముందు, పిస్టల్ తర్వాత. ఎలా దిగుమతైంది, బదిలీకి వీలుందా అన్నది లైసెన్సింగ్ అధికారి దగ్గర తేల్చుకోకుండా బయానా ఇవ్వకూడదు. ఆ తర్వాత కోచ్‌ని వెంటబెట్టుకుని కనీసం వంద తూటాలు కాల్చి చూడాలి. మ్యాగజైన్ ఎన్నిసార్లు ఇరుక్కుంది, ఖాళీ గొట్టం బయటికి సరిగ్గా ఎగురుతోందా, ట్రిగ్గర్ కిలో బరువు పరీక్ష నెగ్గుతుందా, చాంబర్ అంచున గుంట ఉందా అన్నవి చూడాలి. పిడి కుడిచేతిదో ఎడమచేతిదో చూసుకోకుండా కొన్నవాళ్లూ ఉన్నారు!

ఇంతకీ కొనాలా, వద్దా?

ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు జవాబు సూటిగా 'వద్దు'. ఎయిర్ పిస్టల్‌తోనే గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద అదుపు వస్తాయి. మనకు ప్యారిస్‌లో పిస్టల్ పతకాలు వచ్చిందీ దాంతోనే. సరదాకు వారాంతాల్లో కాల్చేవాళ్లకూ రేంజ్ పిస్టలే మేలు. లైసెన్సు బాధ్యతా, తూటాల లెక్కా లేకుండా ఆట ఆనందం దక్కుతుంది.

రాష్ట్ర స్థాయి దాటి జాతీయ అర్హత స్కోరుకు దగ్గరగా వచ్చినవాళ్లు, రేంజ్ పిస్టల్ పిడే అడ్డమని కోచ్ కూడా అంటున్నవాళ్లు, తూటాలకూ ప్రయాణాలకూ రెండేళ్ల డబ్బు చేతిలో ఉన్నవాళ్లు కొనవచ్చు. కొనాలి కూడా. ఆ దశలో సొంత పిస్టల్ లేకపోతే పోగొట్టుకునే పాయింట్లు నిజంగానే పతకం దూరం చేస్తాయి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. పిల్లలందరికీ పిస్టళ్లు కొనివ్వనక్కర్లేదు. ఉమ్మడి జిల్లాకొకటి చొప్పున 25 మీటర్ల రేంజ్, అందులో చిన్న చేతులకూ పెద్ద చేతులకూ సరిపోయే నాలుగైదు మంచి పిస్టళ్లు, నిపుణుడైన కోచ్, సబ్సిడీ ధరకు తూటాలు ఇస్తే చాలు. స్థలం అమ్ముకునే అవసరం ఏ ఇంటికీ రాదు.

అంతవరకు అమ్మానాన్నలకు ఒక్క మాట. ఈ ఆదివారం డీలర్ దుకాణానికి వెళ్లే ముందు దగ్గర్లోని రేంజ్‌కి వెళ్లండి. సభ్యత్వం తీసుకుని, కోచ్‌ని అడిగి, క్లబ్ పిస్టల్‌తో మీ పిల్లల చేత ఓ సీజన్ కాల్పించండి. అప్పటికీ స్కోరు అడిగితే అప్పుడు కొనండి.